ఫిట్టరు చెవులు

గుంటూరు దాటాక హైవే పక్కనున్న పత్తి జిన్నింగు మిల్లులో నేను ఫిట్టరుని. బేరింగు అరుగుతోందంటే ముందు సన్నగా ఈల వేస్తుంది. స్క్రూడ్రైవరు మొన దాని మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, ఏది పోతోందో చెప్పేవాణ్ణి. ఆ పనిలో నన్ను మించినవాడు చుట్టుపక్కల లేడని నా పొగరు. మిషన్ల ముందు ఆడవాళ్ళు నన్ను నమ్మి పత్తి వేస్తారు. బేరింగు పట్టేసి వేడెక్కితే పత్తికి నిప్పంటుకోవడం ఎంతసేపు?

రెండేళ్ళ కిందట ఓనరుగారు మోత తగలకుండా చెవుల్లో పెట్టుకోమని అందరికీ రబ్బరు బిరడాలు ఇచ్చారు. ఆడవాళ్ళు పెట్టుకున్నారు. నేను నవ్వాను. "ఫిట్టరు చెవులు మూసుకుని పనెలా చేస్తాడండీ? ముక్కు మూసుకుని పోపు వేస్తారా ఎవరన్నా?" అన్నాను. నిజానికి చెవితో పనిపడేది రోజుకి పది నిమిషాలు. మిగతా పొద్దంతా ఆ మోతలో వాటిని ఊరికే తెరిచిపెట్టుకుని తిరిగాను. అది నా మూర్ఖత్వమే, ఇంకొకరి మీదికి తొయ్యను.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు మెల్లగా ఎవరో చనిపోయారని చెబితే, నేను గట్టిగా "స్తోత్రం!" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. నా భార్య తలెత్తలేకపోయింది. మర్నాడే బ్రాడీపేటలో చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

అక్కడ పరీక్ష చేసే అమ్మాయి నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడగానే మీట నొక్కమంది. నేనేం తక్కువ తిన్నానా? అద్దంలోంచి ఆమె వేలు కదిలినప్పుడల్లా నొక్కాను. కాసేపటికి ఆమె లోపలికొచ్చి, నా కుర్చీ గోడవైపు తిప్పింది. మొదట రెండు మూడు బొంగురు శబ్దాలు వినబడ్డాయి. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు కూర్చున్నాను.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని కేకేశాను.

ఆమె తలుపు తీసి, "అయిపోయింది అంకుల్" అంది.

"పోయింది తిరిగి రాదండి. ఉన్నదన్నా కాపాడుకోండి. మోతలోకి వెళ్ళేముందే మూసుకోవాలి, చెవులు గింగురుమన్నాక కాదు" అని చెప్పింది. బస్సులో దారంతా సిగ్గుకంటే భయం ఎక్కువైంది. ఆ ఈలలు నాకు వినబడనప్పుడు ఇన్నాళ్ళూ మిల్లు ఎలా నిలిచింది?

మర్నాడు మిషన్లు వెయ్యకముందే ఆడవాళ్ళని పిలిచి చెప్పేశాను. "నాకు ఈల వినబడటం లేదు. నన్ను నమ్ముకోకండి."

వాళ్ళలో అందరికంటే చిన్నది, ముప్పై కూడా నిండని పిల్ల, నవ్వింది. "మాకు తెలుసులే బాబాయ్. అందుకేగా, ఆ మిషను చూడు, ఈ మిషను చూడు అని పోయిన సీజను నుంచీ నిన్ను పిలిచేది."

"చెవుల్లో బిరడాలుంటే నీకెట్టా ఇనపడిందే?"

కొంగుముడి విప్పి చూపించింది. అందులో ఒక్క బిరడానే ఉంది.

"కుడిచెవికి మానేశా. ఎవరో ఒకరు ఇనాలిగా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కుడిపక్కకి వెళ్ళి నిలబడి, మామూలు గొంతుతో, "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగాను.

"ఏంది బాబాయ్?" అంటూ ఎడమచెవి నావైపు తిప్పింది.