ముందు సీట్లో మా తోడికోడలు

ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరుతుంటే తాడేపల్లిగూడెం నుంచి ఫోను వచ్చింది. మా తోడికోడలు పోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మా ఆయన ఫోను పెట్టేసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. "మా వదిన..." అన్నారు. ఆయన్ని చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. ఏడుపుతోపాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నేను పోతే ఈయన ఇలా గుమ్మం పట్టుకుంటారా?

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆవిడ గురించి రాయడానికి మంచి తప్ప ఇంకేమీ లేదు. బతికినన్నాళ్లూ నా బాధ అదే.

మాది ఏలూరులో పచ్చళ్లు, మిఠాయిల వ్యాపారం. ఆవిడది గూడెంలో చేపల వ్యాపారం. కొల్లేటి చెరువుల దగ్గర చేప ఎత్తించి, ఐసు వేయించి, వ్యాన్లలో ఊళ్లకి పంపేది. పంపడమంటే ఇంట్లో కూర్చుని పంపడం కాదు. డ్రైవరు పక్కన ముందు సీట్లో తనే ఎక్కేది. నేత చీర, తల చుట్టూ తువ్వాలు, ఒళ్లో మంచినీళ్ల చెంబు. సీసా కొనుక్కోమంటే వినేది కాదు. "చెంబులో నీళ్లకి చల్లదనం వేరమ్మా" అనేది. దారిలో ఎవరు చెయ్యెత్తినా బండి ఆపించేది. చేప కొనకపోయినా సరే, ఇంట్లో ఎవరికెలా ఉందో అడిగి గాని కదలనిచ్చేది కాదు.

బండ్ల నిండా స్టిక్కర్లు వేయించే మోజు మా వైపు మొదలైనప్పుడు ముందుగా వేయించింది నేనే. రెండు వ్యాన్ల మీదా నా ఫొటో, చేతిలో ఆవకాయ జాడీ. నెల తిరక్కుండా ఆవిడా వేయించింది. కాకపోతే తన మొహం వేయించుకోలేదు. బండి ఈ చివర నుంచి ఆ చివరికి కొల్లేరు, నీళ్ల మీద గూడబాతులు. పెద్ద గూడబాతు ఒకటి పక్క రేకు మీద మొదలై, మలుపు తిరిగి, వెనక అద్దం మీదకి రెక్క చాపేది. ఆ బండి మా వీధిలోకి వస్తే పిల్లలు అరుగులు దిగి చేతులూపేవాళ్లు. నా బండి మీద నా ఫొటోకి మాత్రం బొగ్గుతో మీసాలు గీశారు.

ఆ తర్వాత మునిసిపాలిటీ వాళ్లు వ్యాపారం బండ్ల మీద ప్రకటనలకి నిబంధనలు పెట్టారు. మైకు కట్టిన ఆటో వీధి వీధీ తిరిగింది. బండ్లున్న వాళ్లందర్నీ మీటింగుకి పిలిచారు. ఆవిడ వ్యాన్లు ఏలూరు కూడా వస్తాయి గనక ఆవిడా వచ్చి నా పక్కనే కూర్చుంది. నిజం చెప్పాలంటే నేను వెళ్లింది నిబంధనలు వినడానికి కాదు. గూడబాతుల సంగతి ఏమవుతుందో చూడ్డానికి.

"అద్దాలు మూయకూడదండి. నెంబరు ప్లేటు, లైట్లు, ఎర్ర పట్టీలు కనపడాలండి. మీ సొంత వ్యాపారం బొమ్మ అయితే పర్మిషన్ పెట్టుకోండి. వేరే కంపెనీల ప్రకటన అయితే దానికి వేరే పర్మిషనండి" అని ఆఫీసరు చదివారు.

ఆవిడ లేచింది. "ఏవండీ, అద్దం మీద రెక్క వరకు తీసేస్తే సరిపోద్దాండీ?"

"సరిపోతుందమ్మా. మిగతాది ఉంచుకోవచ్చు."

ఉంచుకోవచ్చు అనేసరికి నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆవిడ ఇంటికెళ్లి, మిట్టమధ్యాహ్నం ఎండకి స్టిక్కరు మెత్తబడ్డాక, పని వాళ్లతోపాటు తనూ నిలబడి మొత్తం లాగించేసింది. ఎందుకక్కా అని ఫోన్లో అడిగాను.

"రెక్క తెగిన బాతుని ఊరంతా తిప్పమంటావా? చేపకి బొమ్మెందుకులేమ్మా, దాని కళ్లు చూసి కొంటారు."

నేను నాది తీయలేదు. వెనక అద్దం నిండా నా నవ్వే. దాని కింద ఒక మసాలా కంపెనీ ప్రకటన కూడా ఒప్పుకున్నాను. పర్మిషన్ తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. ఉండిలో ఒక పెళ్లికి కాజాలు, సున్నుండలు, పచ్చళ్లు అన్నీ సర్ది పంపిన రోజున, ఊరు దాటకుండానే మునిసిపాలిటీ వాళ్లు రెండు బండ్లూ ఆపేశారు. స్టిక్కర్లు తీస్తేగాని కదలనివ్వమన్నారు. అది ఆ పూటలో తెమిలే పని కాదు. పెళ్లివారేమో గంటగంటకీ ఫోను. మాట పడితే ఆ వైపు ఇంక నాకు ఆర్డరు రాదు.

ఆవిడకి ఫోను చేయడానికి నాకు చెయ్యాడలేదు. మా ఆయనే చేశారు. మధ్యాహ్నం కాకముందే ఒక తెల్లటి వ్యాను వచ్చి ఆగింది. ముందు సీట్లో ఆవిడ.

"కంగారు పడకమ్మా. కొత్త బండిది, ఇంకా చేప ఎక్కలేదు. వాసన ఉండదు" అని దిగి, బుట్టలకి చెయ్యేసింది.

కైకలూరు మీదుగా వెళ్లాం. డ్రైవరు, ఆవిడ, కిటికీ పక్కన నేను. బండి మీద ఒక్క అక్షరం లేదు, ఒక్క బొమ్మ లేదు. అయినా ఆకివీడు వచ్చేలోపు ఎంతమంది చెయ్యెత్తారో! "ఇవాళ శీలావతి ఉందాండీ?" అని ఒకావిడ గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇవాళ చేప లేదమ్మా. మా చెల్లి కాజాలు మోస్తున్నా. మీ అబ్బాయికి జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండి. మీరు చెప్పిన డాక్టరు గారి దగ్గరికే తీసుకెళ్లామండి."

కిటికీ పక్కనున్నది నేనే. అయినా అందరూ నా మీంచి వంగి ఆవిడతోనే మాట్లాడారు. ఊళ్లో అంత పెద్ద ఫొటోతో తిరిగినదాన్ని, నన్నొక్కరూ గుర్తుపట్టలేదు.

పెళ్లింట్లో ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. "మీరు తినబోయే కాజాలు ఈవిడవేనండీ. మా ఇంట్లో చెయ్యి తిరిగిన మనిషి ఈవిడే" అంది. వంటశాలలో అందరూ నావైపు తిరిగి చూశారు. అంతా బాగానే ఉంది. కానీ నన్ను పొగడ్డానికి కూడా ఆవిడ నోరే కావాల్సి వచ్చిందే అని లోపల చివుక్కుమంది. తిరిగొచ్చేటప్పుడు ముభావంగా కూర్చున్నాను. ఆవిడ చెంబు నా చేతికిచ్చి, "తాగు, గొంతెండిపోయి ఉంటది" అంది.

తర్వాత నేను పర్మిషన్ తెచ్చుకుని, అద్దాలు వదిలి, చిన్నగా పేరు వేయించుకున్నాను. ఆ ఉండి పెళ్లి వల్ల వచ్చిన ఆర్డర్లతోనే మా వ్యాపారం నిలబడింది. ఆవిడ తన బండ్ల మీద మళ్లీ ఏమీ వేయించలేదు.

గూడెంలో సమాధి కార్యక్రమం రోజున కాలు పెట్టడానికి చోటు లేదు. నాకెంతమంది వస్తారో అని అక్కడా లెక్కేశాను. మట్టి వేసే వంతు నాకొచ్చినప్పుడు మాత్రం ఆ లెక్క తప్పిపోయింది. "అక్కా" అని గట్టిగా ఏడ్చాను.

జ్ఞాపకార్థ కూడిక భోజనాలకి చేప కావాలంటే, తెస్తానని నేనే బయల్దేరాను. ఆవిడ డ్రైవరు ఆవిడ తెల్ల వ్యానే తీశాడు. ముందు సీటు తలుపు తీసి, "ఎక్కండమ్మగారూ" అన్నాడు. కొల్లేటికోట దారిలో ఒక చెరువు గట్టు మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని చేపలు ఏరుతున్నారు. బండి చూసి చేతులు కడుక్కుని లేచారు. నేను దిగాను. దండం పెట్టారు. పెట్టి, నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని, తెరిచి ఉన్న తలుపు వైపు అలా చూస్తూ నిలబడ్డారు.