మేం పూడ్చిన మగ్గం గుంత

ఉద్యోగం చేసినన్నాళ్లూ కలమల్ల దగ్గరి థర్మల్ ప్లాంటులో మరమ్మతుల పని నాది. రిటైరై జమ్మలమడుగులో కుదురుకున్నాక కూడా చేతులు ఊరుకోలేదు. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లకు సాయం చేద్దామని నలుగురం స్నేహితులం ఒక జట్టుగా చేరాం. గ్యాసు బండ మార్చడం, మాత్రలు తేవడం, ఆసుపత్రికి తోడు పోవడం. ఎవరింట్లో వాళ్లు ఉండగలగాలి, అంతే. ఊరికే చేస్తున్నాం కాబట్టి మేం చేసిందల్లా మంచే అన్న పొగరు బాగా ఉండేది, ముఖ్యంగా నాకు.

నా వంతుకొచ్చిన ఇళ్లలో ఒకటి చేనేత వీధిలోని అవ్వది. ఎనభై దాటిన మనిషి. పిల్లల్లేరు, భర్త పోయి చాలాకాలం. మగ్గం ఎప్పుడో అమ్మేసినా, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత మాత్రం గది మధ్యలో అలాగే ఉండేది. ఎప్పుడు వెళ్లినా దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, పక్కనున్న స్టవ్వు మీద ఏదో వండుకుంటూ కనిపించేది.

"ఏందవ్వా, ఇంకా నేస్తాండావా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"నేస్తాండా, నీకొక పంచె" అనేది.

ఆ గుంతను చూస్తే నాకు ఒళ్లు మండేది. చూపు ఆనని మనిషి ఇంట్లో నట్టనడుమ గొయ్యి. పూడ్చేద్దామని రెండు మూడు సార్లు అన్నాను. "దాని జోలికి పోవద్దు నాయనా, ఉండనీ" అంది. పాత మగ్గం మీద మమకారం కాబోలనుకున్నాను.

కంటి ఆపరేషన్‌కు ఆమెను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్పించాం. ఆమె అక్కడున్న రెండు రోజుల్లో పని కానిచ్చేశాను. మట్టి తోలించి, గట్టిగా కొట్టించి, పైన నున్నటి నల్లబండలు పరిపించాను. తిరిగొచ్చాక ఆమె గడపలో నిలబడి, కొత్త కంటితో చాలాసేపు నేలను చూసింది. "బాగుండాది నాయనా. శానా కష్టపడినావు" అంది. నేను పొంగిపోయాను.

తర్వాతి వారం వెళ్తే గోడకు ఆనుకుని, నిలబడి అన్నం తింటోంది. కూర్చోమంటే "ఉండనీలే" అంది. అప్పటికీ నా బుర్రకెక్కలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనిచ్చి వచ్చాను. కుర్చీలో కూర్చుంటే కిందున్న స్టవ్వు అందదు. రెండు రోజులకే ఆమె స్టవ్వు ముందు నేల మీద కూర్చుని, లేవలేక, పక్కింటావిడ మధ్యాహ్నం వచ్చి చూసేదాకా అలాగే ఉండిపోయింది.

పక్కింటావిడ నన్ను నిలబెట్టి కడిగేసింది. "ఆ యమ్మకు మోకాళ్లు పూర్తిగా వంగవు గదప్పా. గుంతలో మెట్టు మీద కాలు పెట్టి తనంతట తనే కూచునేది, లేచేది. ఇన్ని దినాలు వస్తాండావు, చూల్లేదా?"

చూశాను. వెళ్లినప్పుడల్లా కనిపించేదే చూశాను. సంగతి తెలిసి పులివెందుల నుంచి అవ్వ చెల్లెలి కూతురు కారు తీసుకుని వచ్చింది. రేపే మళ్లీ తవ్విస్తానని బతిమాలాను. "చేసింది చాల్లే మామా" అని ఆమె తలుపుకు తాళం వేసింది. అవ్వ కారెక్కుతూ ఆ తాళం వైపే చూసింది.

నెల తర్వాత పులివెందులకు పోయాను. అవ్వ ఎత్తయిన మంచం మీద కూర్చుని ఉంది. కాళ్లు నేలకు అందడం లేదు. అన్నం, నీళ్లు అన్నీ చేతికే వస్తున్నాయి. బాగా చూసుకుంటున్నారు, కాదనలేను. ఆమె తనంతట తాను వండుకోవడం మాత్రం అయిపోయింది. నా వల్లే అయిపోయింది.

"తప్పు చేసినా అవ్వా" అన్నాను.

"ఆ గుంత మా ఇంటాయన నా కాళ్లకు కొలత పెట్టి తవ్వినాడు" అంది. మళ్లీ తనే, "వద్దన్నా గదా నాయనా. ఎందుకని అడిగింటే చెప్పేదాన్ని" అంది.

ఏడాదిపాటు వారం వారం ఆ ఇంటికి వెళ్లాను. ఆ ఒక్క మాట అడగలేదు.