సింహాచలం సయామా హాజరుపట్టీ

యాంగోన్‌లో, తామ్వే అనే పేటలో, నేనుండే గది కింద నుంచి తెల్లవారగానే పికప్ బండ్లు బయలుదేరతాయి. వెనక మెట్టు మీద వేలాడుతూ, నోట్లోని కిళ్లీని ఒక దవడకు తోసి, కండక్టరు దారిలో వచ్చే చోట్ల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా పిలుస్తాడు. బండిలో ఎక్కేవాళ్లు లేకపోయినా పిలుస్తాడు. మొదట్లో అది నాకు వట్టి రొద. ఇప్పుడు ఆ కేక చెవినపడితే తడిసిన వెదురు తడికల వాసన, దాని వెనకే సింహాచలం సయామా గొంతు వస్తాయి. సయామా అంటే ఇక్కడ పంతులమ్మ, సయా అంటే పంతులు.

విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో ముప్ఫయ్యేళ్లు పనిచేసి, రిటైరయ్యాక, ఆరు నెలలు ఇంగ్లీషు చెప్పి వద్దామని జీతం లేని పంతులుగా యాంగోన్, అంటే మన పాతవాళ్ల రంగూన్, వచ్చాను. బడి ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో, ఒక బట్టల ఫ్యాక్టరీ ప్రహరీ వెనక. నాలుగు తడికలు, పైన నీలం టార్పాలిన్. గోడ అవతల కుట్టుమిషన్లు రోజంతా తేనెటీగల్లా రొద పెట్టేవి. ఊళ్లు వదిలి ఆ ఫ్యాక్టరీల పనికి వచ్చినవాళ్ల పిల్లలే మా విద్యార్థులు. వాన గట్టిగా పడితే మురుగు లోపలికి వచ్చేది. పిల్లలు చాపలు చుట్టి నెత్తిన పెట్టుకుని, నిలబడే పాఠం చదివేవాళ్లు.

నాకు బర్మీస్ ఒక్క ముక్క రాదు. మొదటి రోజు గుమ్మంలో బిత్తరపోయి నిలబడితే, లుంగీ పైకి దోపుకున్న ఒక పెద్దావిడ, తెలుగాయన వస్తున్నాడని ముందే తెలిసిందేమో, లోపల్నుంచి తెలుగులోనే అంది:

"ఏటి బాబూ, అలా సూస్తన్నావు? బడేదని ఎతుకుతన్నావా? ఇదే బడి."

"బల్లలూ అవీ..."

"బల్లలెందుకు? మన పిల్లలు బాసింపట్టు ఏసుకుని కూకుంటారు. నువ్వు కూకోగలవో నేదో అది సూసుకో."

ఆమే సింహాచలం సయామా. ఆమె తాత శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చాడట. రేవు పక్కన పజుండౌంగ్‌లో పుట్టి, అక్కడే పెరిగి, అరవై దాటాక కూడా రోజూ రెండు బస్సులు మారి ఈ బడికి వచ్చేది. నేను చెప్పేది పిల్లలకు బర్మీస్‌లో, వాళ్లు అడిగేది నాకు తన తెలుగులో చెప్పేది. నా మాట వింటే ఆమెకు నవ్వు. "నీది రేడియో తెలుగు బాబూ. ఎక్కడో వరదొచ్చిందని సెప్తావేమోనని బయమేస్తాది" అనేది.

ఆమె పొద్దున్నే హాజరు పిలిచే తీరు వేరుగా ఉండేది. పేరు పిలిచి ఆగేది. ఒక పిల్ల గుమ్మం దాటి వచ్చి చాప మీద కూర్చునేంత సేపు ఆగేది. పట్టీలో ఇరవై ఆరు పేర్లు. వచ్చేది పందొమ్మిది మంది. తక్కిన ఏడు పేర్లకూ రోజూ అలాగే పిలిచి, అలాగే ఆగి, ముందుకు వెళ్లేది. నాకు ఓపిక నశించి ఒకరోజు అడిగాను, రానివాళ్ల పేర్లెందుకని.

"ఉండనీ బాబూ. పేర్లు అన్నం తింటాయేటి?" అని పుస్తకం మూసేసింది.

వయసు మీదపడిన మొండితనం అనుకున్నాను.

ఆ ఏడుగురిలో ఆఖరున, నేను వచ్చిన నెలకు, బడి మానినది చో చో. పద్నాలుగేళ్లది. నేను కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతే ముందుగా నవ్వేదీ, చెయ్యి అందించేదీ అదే. ఒకసారి, ఇక్కడివాళ్లు ఎండకు ముఖానికి పూసుకునే తనాకా చెక్క సానమీద అరగదీసి ఆ గంధం నా చెంపలకు పూసి, "సయా ఎండకు మాడిపోతున్నాడు" అని సయామాతో చెప్పించింది. వాళ్ల నాన్న కట్టడం మీద నుంచి పడి నడుం విరిగాక ఫ్యాక్టరీలో చేరింది. సయామా వాళ్ల గది దాకా వెళ్లి బతిమాలి వచ్చింది. ఓవర్‌టైమ్ లేని ఆదివారం దొరికితే వస్తానని ఆ పిల్ల మాట ఇచ్చిందట. మా బడికి ఆదివారం సెలవు లేదు. మూడు నెలలు రాలేదు.

అప్పుడే సయామా జ్వరంతో పదిహేను రోజులు మంచమెక్కింది. బడి నా చేతికి వచ్చింది. డెస్కులో నా పని అనవసరమైనది కొట్టేయడం. ప్రమాదాల వార్తల్లో స్థలం చాలక, పోయినవాళ్ల పేర్లు రెండుంచి తక్కినవాళ్లను "తదితరులు" చేసిన చెయ్యి నాది. హాజరుపట్టీ తెరిచి, ఆమె బర్మీస్‌లో రాసిన పేర్ల పక్కన నేను వింటూ తెలుగులో రాసుకున్నవి చూసుకుంటూ, ఏడు పేర్ల మీదా స్కేలు పెట్టి ఎర్రగీత గీశాను. పని శుభ్రంగా చేశానన్న తృప్తి కూడా కలిగింది.

ఆ ఆదివారం నేను హాజరు పిలుస్తుంటే, దారినపోయేవాళ్ల కోసం బయట పెట్టిన మంచినీళ్ల కుండ దగ్గర ఎవరో నిలబడ్డారు. తలకు ఫ్యాక్టరీ గుడ్డ చుట్టుకుని ఉంది, ముఖం సరిగా కనబడలేదు. నీళ్లకు వచ్చిందనుకున్నాను. పందొమ్మిది పేర్లూ గబగబా అయిపోయాయి. తలెత్తితే కుండ దగ్గర ఎవరూ లేరు. పిల్లలు లేచి, వీధిలోకి చేతులు చూపిస్తూ "చో చో, చో చో" అన్నారు. అది ఎప్పుడొస్తుందని అడుగుతున్నారనుకుని, "వస్తుంది, కూర్చోండి" అని సైగ చేసి పాఠం మొదలుపెట్టాను.

తర్వాతి శనివారం సయామా వచ్చింది. పిల్లలు చెప్పింది విని, పట్టీ తెరిచి, ఎర్రగీతల మీద వేలు ఆనించి ఒక్కొక్క పేరూ చదువుకుంది. తర్వాత నన్ను బయటికి తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పింది.

"పద్నాలుగేళ్లదాన్ని పన్లోకి ఎట్టుకోరు బాబూ. వాళ్లక్క కార్డు సూపించి సేరింది. అక్కడ దాన్ని అక్క పేరెట్టే పిలుస్తారు. కంపెనీ ఆస్టల్లో ఉంటాది, అక్కడా అదే పేరు. దాన్ని దాని పేరుతో పిలిసేది ఈ పుస్తకం ఒక్కటే. ఆ ఏడుగురిదీ అదే కత."

"నాకు ముందే చెప్పి ఉంటే..."

"పిల్లల ముందర ఎలా సెప్పను? గోడ అవతల కంపెనీ. ఎవరి సెవినన్నా పడితే దాని కూడు పోద్ది."

ఆ మధ్యాహ్నమే హాస్టల్‌కు వెళ్లాం. సయామా చో చో అక్క పేరు చెప్పి అడిగింది. గుమ్మంలో బియ్యం ఏరుతున్న అమ్మాయి తలెత్తకుండానే జవాబిచ్చింది: మొన్న గురువారం ఒక దళారీ వెంట నలుగురు సరిహద్దు దాటి థాయ్‌లాండ్ వెళ్లారు, వాళ్లలో అదీ ఉంది, ఫోన్ లేదు. ఈసారి ఎవరి కార్డు మీద వెళ్లిందో ఆ అమ్మాయికి తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఉండబట్టలేక, "నన్ను తిట్టండి సయామా" అన్నాను.

ఆమె కిటికీ వైపే చూస్తూ, "తిడితే నీ మనసు తేలికపడిపోద్ది. తిట్టను" అంది.

మర్నాడు పట్టీ నా ముందు పెట్టి ఏడు పేర్లూ మళ్లీ రాయమంది. చివర్లో రాయబోతే చెయ్యి పట్టుకుంది. "ఆకర్న కాదు. దేని సోట్లో దాన్ని." ఎర్రగీతల పైన, ఉన్న కాస్త సందులో, ఆమె పలక మీద రాసి చూపిస్తుంటే చూసి గీశాను. నేను రాసిన మొదటి బర్మీస్ మాట చో చో. నేననుకున్న ఆరు నెలలూ అయిపోయాయి. నేను విశాఖపట్నం వెళ్లలేదు. హాజరు పిలిచే పని ఆమె నాకే ఇచ్చింది. రోజూ పిలిచేవాణ్ణి, ఆగేవాణ్ణి. తడిక అవతల కుట్టుమిషన్లే వినబడేవి. చో చో నాన్న దగ్గరికి చాలాసార్లు వెళ్లాం. అతనికీ కబురు రాలేదు. కొన్నాళ్లకు ఆ గదిలో వేరేవాళ్లు కనిపించారు.

సయామా పోయిన వానాకాలంలో కన్నుమూసింది. ఆసుపత్రి కాగితం మీద ఆమె బర్మీస్ పేరు ఉంది. అదెవరిదని అడిగాను. ఇన్నాళ్లూ నాకు ఆ పేరు తెలియదు. ఆమె పోయిన రెండు నెలలకు ఫ్యాక్టరీ గోడ ముందుకు జరిగింది. తడికలు ఎవరో పట్టుకుపోయారు. పందొమ్మిది మందిలో పెద్దవాళ్లు గోడ అవతలికి చేరారు. ఏ పేర్ల మీద చేరారో నాకు చెప్పేవాళ్లు లేరు.

పట్టీ నా దగ్గరుంది. ఆదివారం పొద్దున పికప్ ఎక్కి అక్కడికి వెళ్తాను. మంచినీళ్ల కుండ మాత్రం ఇంకా ఉంది, దాన్ని నింపుతాను. నింపి, పక్కనే నిలబడి ఇరవై ఆరు పేర్లూ పైకి చదువుతాను. దారినపోయేవాళ్లు ముసలాయనకు మతి చలించిందని తప్పుకుని వెళ్తారు. ఒక పేరు చదివి, ఒక పిల్ల గుమ్మం దాటి వచ్చి కూర్చునేంత సేపు ఆగుతాను. ఎవరూ రారు. వస్తారని నేనూ అనుకోవడం లేదు. తర్వాతి పేరు చదువుతాను.