సేటు రాసిచ్చిన స్వతంత్రం

నా చిన్నప్పటి ముచ్చట అంటే నవ్వకుండ్రి... మొన్నమొన్న ఓటు కార్డు వచ్చిన పిల్లను. కానీ ఆ కరోనా రోజులు యాది చేసుకుంటే ఎనకటి కాలం లెక్కనే అనిపిస్తది. బతుకుదెరువుకు గుజరాత్ వచ్చినం. జోల్వాల ఒక్క అర్ర... అండ్ల నాయిన, అమ్మ, నానమ్మ, నేను.

బడి మొత్తం ఫోన్లనే. ఇంట్ల ఉన్నది ఒక్కటే ఫోన్. అది పొద్దుగాల్నే నాయిన జేబుల పడి బట్ట నేసే సాంచాల కార్ఖానాకు పోయేది. సూపర్‌వైజర్ ఫోన్ చేసినప్పుడు ఎత్తకుంటే పని పోతదని నాయినకు బుగులు. నాయిన ఇంటికొచ్చేసరికి క్లాసులన్నీ అయిపోయేటివి... ఎనిమిదో తరగతి నాకు సగం కూడా అర్థం కాలే.

గప్పుడే సేటుకు దేశభక్తి పుట్టింది.

మా సేటు అంటే కార్ఖానా ఓనరు. పట్నంల అడాజన్ దిక్కు పెద్ద ఫ్లాట్ల ఉంటడు. లాక్‌డౌన్ల సాంచాలు బందు పడ్డప్పుడు మావోళ్ళు ఫోన్ చేస్తే ఒక్కనాడు ఎత్తలే. గసొంటి మనిషి ఆగస్టు పదిహేనుకు కార్మికుల పిల్లలకు వీడియోల ఉపన్యాసం పోటీ పెట్టిండు. బాపూజీ దేశానికి స్వాతంత్ర్యం ఎట్ల తెచ్చిండో హిందీల చెప్పాలె. గెలిస్తే టాబ్. ఏడాదంత పాలిస్టర్ నేపిచ్చి, ఆ ఒక్కనాడు ఖద్దరు తొడుగుతడు... ఎంత సక్కటోడో సూడుండ్రి!

టాబ్ అనంగనే నాకు నిద్ర పట్టలే. నాదే అనేటిది ఒకటి ఉంటే ఇగ ఒక్క క్లాసు కూడా పోదు గదా.

ఏం చెప్పాలెనో కూడ సేటే కాయిదం మీద రాయించి పంపిండు. బాపూజీ కర్ర పట్టుకోని నడిచిండట... ఇంగ్లీషోళ్ళు భయపడి పారిపోయిండ్రట... ఒక్క రాత్రిల దేశమంతటికీ స్వతంత్రం పంచిండట. పెండ్లిల మిఠాయి పంచినట్టు!

నేను దాన్ని బట్టీ పట్టుకుంట నానమ్మకు తెలుగుల చెప్పిన. ఆమె చిక్కుడుకాయ తెంపుతున్నది... గంప పక్కకు నూకింది.

"గా రాత్రి మనకేం అచ్చిందే? మన దిక్కు నిజాం రాజ్యమే ఉండె. ఇంకో ఏడాది దాటినంక అచ్చింది మనకు. గప్పటికి గా మహాత్ముడు లేనే లేడు... కాల్చి సంపిరి గదనే పాపం!"

"మరి మనకు ఎవరు తెచ్చిండ్రు?"

"మా నాయిన తెచ్చిండు. మా ఊరోళ్ళు తెచ్చిండ్రు. ఆయన మా ఊరికి రాలే, మా నాయిన ఆయన మొఖం సూడలే. ఆయన మాట అచ్చింది బిడ్డా... భయపడకుండ్రి అన్న మాట. గా ఒక్క మాట వట్టుకోని మా నాయిన జెండ ఎత్తిండు. దొర మనుషులు కుడి చెయ్యి ఇరగ్గొట్టిండ్రు. మల్ల మగ్గం మీద కూసోలే."

నాయిన అన్నం తినుకుంట విన్నడు. "జర నోరు మూసుకోని సేటు రాసిచ్చిందే చెప్పు బిడ్డా" అన్నడు. "టాబ్ చేతికి రానియ్యి. అటెన్క నానమ్మ ముచ్చట ఎంతసేపైనా చెప్పుకుందాం."

పోటీ రోజు ఫోన్ల చిన్నచిన్న డబ్బాలు... ఒక్కో డబ్బాల ఒక్కో పిల్ల. అందరూ గదే చదువుడు, సేటు చప్పట్లు కొట్టుడు. నా వంతు వచ్చింది. సగందాక మంచిగనే చెప్పిన. "ఒక్క రాత్రిల దేశమంతటికీ" అనేకాడ నా నోరు ఆగిపోయింది. ఎదురుంగ నానమ్మ కూసోని ఉంది... ఇగ నాతోని కాలే. ఉన్నదున్నట్టు చెప్పేసిన. బాపూజీ ధైర్యం ఇచ్చిండు, మా నానమ్మ వాళ్ళ నాయిన చెయ్యి ఇచ్చిండు, మాకు స్వతంత్రం వచ్చేనాటికి బాపూజీ బతికి లేడు అని.

సేటు పకపక నవ్విండు. "బాపూజీ మా గుజరాత్ బిడ్డ. ఆయన గురించి మీరు మాకు చెప్తరా?" అన్నడు హిందీల. గంతే... నా మైకు బంద్ చేసిండు. నా నోరు ఆడుతున్నది, అవతల ఎవ్వలకూ వినవడ్తలేదు. గంత పెద్ద మనిషికి ఒక పిల్ల మాట ఇనే దమ్ము లేదు... థూ!

తెల్లారి నాయిన టాబ్ డబ్బా పట్టుకోని ఇంటికొచ్చిండు. నేను ఎగిరి గంతేసిన. నాయిన మొఖం చూస్తే మాత్రం మాడిపోయి ఉంది.

"అందరికన్న నువ్వే మంచిగ మాట్లాడినవని సేటు అన్నడట. కానీ ఇంకో వీడియో తీసి పంపాలెనట" అన్నడు. సేటు కాయిదం మొత్తం చదవాలె. ఆఖరికి... నిన్న తప్పు చెప్పిన, మా నానమ్మకు మతి లేదు, ఆమెనే గట్ల నేర్పింది అని చెప్పాలె. గట్లైతేనే టాబ్ మాది.

నానమ్మ మా దిక్కు తిరిగింది. "అనురి. పిల్ల సదువు ముఖ్యం. నన్ను పిచ్చిది అంటే నాకేం గాదు" అన్నది. అమ్మ కొంగు నోట్ల కుక్కుకుంది.

నేను నాయిన దిక్కు చూసిన. సేటు కారు సప్పుడు వింటేనే లేచి నిలబడే మనిషి... ఏం చేస్తడో నాకు ఎరుకే అనుకున్న.

నాయిన డబ్బా మల్ల సంచిల పెట్టిండు.

"మా తాత ఎడమ చేత్తోని అన్నం కలిపి నాకు బుక్కలు పెట్టేది" అన్నడు. "ఎందుకు తాతా ఎడమ చెయ్యి అని నేను నవ్వేది."

గంతే అన్నడు. పొద్దుగాల్నే సంచి తీస్కపోయి టాబ్ సూపర్‌వైజర్ టేబుల్ మీద పెట్టొచ్చిండు. ఫోన్ మాత్రం తీస్కపోలే... నా పుస్తకాల మీద పెట్టి పోయిండు. మల్ల బడి తెరిచేదాక ఒక్కనాడు కూడా జేబుల పెట్టుకోలే. పని పోతదని బుగులుపడే మా నాయిన!

ఇప్పుడు నానమ్మ లేదు. మా ఇంట్ల తలా ఒక ఫోన్ ఉంది. ఆగస్టు పదిహేను వస్తే గవే అబద్ధాలు వాట్సాప్ల తిరుగుతయ్... చేతులు జోడించిన బొమ్మలు పెట్టి అందరూ ముందుకు పంపుతరు. ఆ పెద్దాయన అందర్నీ భయపడకుండ్రి అన్నడు, వీళ్ళేమో ఆయనొక్కడే అంతా చేసిండని చెప్పి ఆరామ్‌గ కూసున్నరు.

మా ఇంట్ల ఇరిగింది కుడి చెయ్యి. మీ ఇంట్ల ఎవలకేమైందో కింద కామెంట్ల రాయుండ్రి... సేటుకు నచ్చకున్నా సరే.