మొదటి ఒక్కపొద్దు నాడు అడిగిన దువా

మా చిన్నప్పుడు... కర్నూలు రాజధాని అయిన కొత్తలో, బనగానపల్లెలో, నడి ఎండాకాలంలో నా మొదటి ఒక్కపొద్దు. రంజాన్ ఉపవాసాన్ని మేం అలాగే అనేవాళ్లం. దూదేకులవాళ్లం, మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు. నమాజు అరబ్బీలో, అల్లాను అడుక్కునే దువా మాత్రం తెలుగులో. నాకు తొమ్మిదేళ్లు.

నాలుగేళ్ల తమ్ముడు పదిరోజులుగా జ్వరంతో మంచం మీద ఉన్నాడు. మందులు తాగించారు, తాయెత్తు కట్టించారు... తగ్గలేదు. అమ్మ ప్రతి నమాజు తర్వాత చేతులు చాచి చాలాసేపు అలాగే కూర్చునేది.

ఆ రోజు తెల్లవారుజామున జేజి, అంటే మా నాన్న తల్లి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొదటి ఒక్కపొద్దు బిడ్డ అడిగితే అల్లా కాదనడు పాపా. మాపటికి తమ్మునికోసరం నువ్వే దువా చెయ్యల్ల. మేమంతా ఆమీన్ అంటాం."

ఇక నాకు కాలు నిలిస్తే ఒట్టు. వసారాలోకి, పెరట్లోకి, మళ్లీ వసారాలోకి... గోడ నీడ ఎంత జరిగిందో చూడటమే పని. నాలుక అంగిటికి అంటుకుపోయింది.

మధ్యాహ్నం అమ్మ తమ్ముడి నుదుటి మీది తడిగుడ్డ మార్చమంది. పెరట్లో కుండ దగ్గర గుడ్డ తడిపాను. పిండబోయి నోట్లో పెట్టుకున్నాను. ఒక్క చుక్కే అనుకున్నాను... తర్వాత చెంబు ముంచుకుని కడుపునిండా తాగాను. ఎవరూ చూడలేదు. వచ్చి ఆ గుడ్డే వాడి నుదుటి మీద వేశాను. వాడి ఒళ్లు కాలిపోతోంది.

"ఏం పాపా, మొగం అట్లుండాది? తట్టుకోలేకుంటే ఇడిసేయ్, చిన్నదానివి" అంది జేజి.

ఏం లేదన్నాను. చెబితే తమ్ముడి కోసం మొదటి ఒక్కపొద్దు దువా చేసేవాళ్లు ఉండరు. చెప్పకపోతే అది దొంగ దువా, వాడికేమైనా అయితే నా వల్లే.

పొద్దు కుంకే వేళ తమ్ముడి మంచం చుట్టూ కూర్చున్నాం. అందరూ చేతులు చాచి నా వైపు చూశారు. జేజి నేర్పిన మాటలు ఒక్కటీ రాలేదు.

"అల్లా... నేను నీళ్లు తాగినా. నాది ఒక్కపొద్దు కాదు. తప్పు నాది, వానిది కాదు. వాన్ని బాగుచెయ్యి."

నాన్న తల దించుకున్నాడు. ముందు అమ్మ అంది, "ఆమీన్" అని. తర్వాత అందరూ అన్నారు. జేజి నా చేతిలో ఖర్జూరపు పండు పెట్టి, "ఇంగ నువ్వు గూడా ఒక్కపొద్దు ఇడువు పాపా" అంది.

జ్వరం ఆ రోజే పోలేదు. ఇంకో వారం ఏడిపించి పోయింది. ఎవరి దువాకో నాకు తెలియదు.

ఇప్పుడు రంజాన్ వస్తే ఫోన్ నిండా దువాలే. చక్కని అరబ్బీ, కింద తెలుగు అర్థం. మంచివే, నేనూ చదువుకుంటాను. అయినా మనసు కుదురుకోదు.

మీరు మొట్టమొదట మీ సొంత మాటల్లో ఏం అడిగారో చెప్పండి... ఏ దేవుణ్ణి అడిగినా సరే. మా ఇంట్లో ఇప్పుడు ఎవరి దువా వాళ్లు మనసులోనే చేసుకుంటాం. ఎవరు దేనికి కుమిలిపోతున్నారో పక్కనున్నవాళ్లకు తెలియదు, ఆమీన్ అనడానికి.