కుడికాలు తొక్కితే ఎడమకు పోయిన విమానం

ఆకాశంలో ఎగురుతున్న విమానాన్ని కింద నిలబడి, రెండు చేతులెత్తి, ఒక్క కేకతో నేలకు దింపిన మొనగాడు ప్రపంచం మొత్తానికి ఒక్కడే. అమెరికాలో వెతకొద్దు, రష్యాలో వెతకొద్దు. సిద్దిపేటలో ఆటో సీట్లు కుట్టే షెడ్డులో ఉంటాడు. పేరు షాహిద్. నమ్మనివాళ్లు పోయి అడగవచ్చు గానీ, అతను ఒప్పుకోడు. గొప్పవాళ్లతో వచ్చే చిక్కే అది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులకు తాళాలు పడ్డాయి. బొగ్గు గనుల్లో కూడా పని ఆగేసరికి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో స్తంభమెక్కే లైన్‌మన్‌కే తెలియదు. షాహిద్ కూతురు అర్షీన్ చదివే డిగ్రీ కాలేజీ కూడా మూతపడింది. అంతకు కొద్ది రోజుల ముందే ఆ కాలేజీవాళ్లు పిల్లలను హైదరాబాదుకు తీసుకుపోయి, ఒక గ్లైడర్ క్లబ్బు చూపించారు. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. తాడు కట్టి లాగితే పైకి లేస్తుంది, ఆ తర్వాత అంతా గాలి దయ. అక్కడి మాస్టారు పిల్లలను ఒక్కొక్కరిగా ముందు సీట్లో కూర్చోబెట్టి, కాళ్లు ముడుచుకోమని చెప్పి, తాను వెనక కూర్చుని తిప్పాడు. అర్షీన్ దిగీ దిగకముందే తానూ నడుపుతానంది.

"వచ్చే నెల పరీక్ష పెడతానమ్మా. ఆ రోజు చేతులూ కాళ్లూ నీవే. అందాకా కంప్యూటర్ మీద నేర్చుకో" అన్నాడాయన.

ఆయన తేలిగ్గా అన్న ఆ మాటను షాహిద్ నెత్తికెత్తుకున్నాడు. నెట్ సెంటర్ నడిపే దత్తాత్రికి అప్పుడు గిరాకీ లేదు. అతను ఒక కంప్యూటరూ, గ్లైడర్ నడిపే ఆటా తెచ్చి షెడ్డులో పెట్టాడు. షాహిద్ పాత ఆటో ముక్కును కోసి ముందు నిలబెట్టాడు. డ్రైవరు సీటును పడక కుర్చీలా వెనక్కి వాల్చి కుట్టాడు. ఇనుప కడ్డీ ఒకటి కాళ్ల మధ్య నిలిపాడు. కాళ్లతో తొక్కే పెడళ్లకు మాత్రం ఏమీ దొరకలేదు. చివరికి ఆటో హ్యాండిల్ విప్పి, నేల మీద అడ్డంగా పడుకోబెట్టి, నడుమ బోల్టు బిగించాడు. కుడి కొన మీద కుడికాలు, ఎడమ కొన మీద ఎడమకాలు. వైర్లు ఎటు కలపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అతను కన్నార్పేంత సేపు కూడా ఆలోచించలేదు. హ్యాండిల్ కుడి కొనను ముందుకు నూకితే బండి ఎడమకు పోతుంది. ఆటో తోలే ఎవరినైనా అడగండి, నిద్రలో లేపి అడగండి.

అర్షీన్‌కు కూడా అందులో వింత కనిపించలేదు. నడక రాకముందే ఆటో హ్యాండిల్ పట్టుకుని ఆడిన పిల్ల అది.

ఇక చూడాలి ఆ షెడ్డు వైభవం! కరెంటు ఉన్నంతసేపూ ఆ పిల్ల హిమాలయాలు ఎక్కి దిగింది. బాగుచేయించుకోవడానికి ధూళిమిట్ట నుంచి, మద్దూరు నుంచి వచ్చిన ఆటోలు బయట ఎండుతుంటే, వాటి యజమానులు లోపల నోరు తెరుచుకుని నిలబడేవాళ్లు. కల్లుగీసే మల్లయ్య అయితే, "తాటిచెట్టు మీదికెల్లి ఇన్నేండ్ల సంది సూస్తున్న గని, గింత మంచిగ ఎన్నడు కనవడలే" అన్నాడు. షాహిద్ కూతురి పక్కన నిలబడి ఒకటే పాఠం చెప్పేవాడు:

"ఆలోచించకు బేటా. ఆలోచిస్తె ఆలస్యమైతది. కాలికి అలవాటు కావాలె, కాలే పోవాలె."

కాలికి అలవాటైంది. బ్రహ్మాండంగా అలవాటైంది.

పరీక్షకు ముందురోజు షాహిద్ బావమరిది ఫజల్ మోటారు సైకిలు మీద అర్షీన్‌ను హైదరాబాదుకు తీసుకుపోయాడు. తెల్లారి దత్తాత్రి కంప్యూటర్ పట్టుకుపోదామని వచ్చి, ఆ సీటును ఆశగా చూశాడు.

"భాయ్, ఒక్కసారి నేను కూసుంట. నీ బిడ్డ ఉన్నన్ని రోజులు దగ్గరికి రానియ్యలే."

"కూసో. కుట్లు పిగిలిపోకుండ కూసో."

దత్తాత్రి కూర్చున్నాడు. కుడికాలు తొక్కాడు. తెర మీద విమానం ముక్కు ఎడమకు తిరిగింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ ఎడమకే.

"భాయ్, గిది ఉల్టా పోతుంది."

"నీ కాళ్లే ఉల్టా ఉన్నయి."

"నవ్వులాట కాదు భాయ్. కుడి తొక్కితే కుడికే పోవాలె. గీ ఆట డబ్బ మీద బొమ్మేసి సూపెట్టిండు, సూడు."

షాహిద్ వంగి చూశాడు. బొమ్మలో కుడిపాదం, దాని పక్కనే కుడివైపు బాణం.

"ఆటోకు గట్లుండదు గద" అన్నాడు.

"ఇది ఆటో కాదు భాయ్."

ఈ మాటల్లో పడి దత్తాత్రి కాలు తియ్యడం మరిచాడు. తెర మీద గ్లైడర్ బొంగరంలా తిరుగుతూ కిందికి, ఇంకా కిందికి దిగుతోంది. పొలాలు పెద్దవైనాయి. అప్పుడే కరెంటు పోయింది.

షాహిద్ ఫోను తీశాడు. అర్షీన్ ఫోను స్విచాఫ్. ఫజల్‌ది కూడా అంతే. లోపలికి పోయేవాళ్ల ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారని కూతురు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. క్లబ్బు ఆఫీసు నంబరు మోగి మోగి ఆగిపోయింది. అతను ఆటో స్టార్టు చేస్తుంటే ఇంట్లోంచి భార్య గౌసియా బేగం వచ్చింది.

"యాడికి, అజీ?"

"పెట్రోలు పోసుకొస్త."

"చెప్పుల్లేకుండనా? ఏమైంది చెప్పుండ్రి. పిల్లకేమన్న అయిందా?"

"ఇంక కాలే" అనేసి, తానన్న మాట తనకే వినబడి, షాహిద్ ఆటోను రోడ్డెక్కించాడు.

హైదరాబాదు దారి పొడుగునా అతని పాదాలు కుదురుగా లేవు. కుడి, ఎడమ. కుడి, ఎడమ. తాడు వదిలిన తర్వాత పిల్ల కుడికి తిరగాలనుకుంటుంది. ఆలోచించదు. ఆలోచించొద్దని చెప్పింది తనే. కాలే పోతుంది. వెనక మాస్టారు ఉంటాడు, నిజమే. కానీ ఆయనకేం తెలుసు, ముందు కూర్చున్న పిల్ల కాళ్లకు ఆటో షెడ్డు నేర్పిన చదువు? ఆయన సర్దుకునేలోపు... అక్కడికి వచ్చేసరికి షాహిద్ ఆ ఆలోచనను తెంపేసి మళ్లీ మొదటికి వచ్చేవాడు.

ప్రజ్ఞాపూర్ దగ్గర రోడ్డు లేదు. రోడ్డు ఉండవలసిన చోట సమ్మెకారుల వంటావార్పు నడుస్తోంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా రాళ్ల పొయ్యిలు, పొగ, బంతులు తీరి కూర్చున్న జనం, సరిగ్గా నడుమ బగారా అన్నం ఉడుకుతున్న పెద్ద గంజు. దాని వెనక లారీల బారు. ముందుండి నడిపిస్తున్న టీచరు స్వరాజ్యం చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, ఇయ్యాల ఆటోలు గూడ బంద్. ఎరుక లేదా?"

"కిరాయికి పోతలేను అక్కా. నా బిడ్డ విమానం ఎక్కుతుంది."

"గల్ఫుకు పోతుందా?"

"కాదక్కా. ఆమెనే నడుపుతది."

నవ్వులు లేచాయి. గంజు కలుపుతున్న ఐలవ్వ గంటె ఆపింది. "నా మనుమడు గూడ రైలు నడుపుతడు బిడ్డా, పట్టాల్లేకుండ! ఇస్తారేసుకుని కూసో, తిని పోదువు."

షాహిద్ వాదించలేదు. స్వరాజ్యం చేతులు పట్టుకుని ఆటో హ్యాండిల్ మీద పెట్టాడు.

"అక్కా, కుడి దిక్కు ముందుకు నూకు."

ఆమె నూకింది. చక్రం ఎడమకు తిరిగింది.

"నేను గిట్లనే నేర్పిన. విమానంల కుడి నూకితే కుడికే పోతదంట. నాకు పొద్దుగాల ఎరుకైంది. ఆమె కాళ్లకు గిదే పట్టింది. ఇప్పుడు పైకి పోయినంక..."

స్వరాజ్యం మొహంలో నవ్వు పోయింది. మరోసారి నూకి చక్రం వంక చూసి, వెనక్కి తిరిగి అరిచింది:

"గంజు జరపుండ్రి!"

"అన్నం సగమే ఉడికింది టీచరమ్మా!"

"సగం ఉడికినా జరపుండ్రి!"

నలుగురు మనుషులు తడిబట్టలు చుట్టుకుని సలసల కాగే గంజును లేపారు. బంతులు లేచాయి. వెనక లారీలవాళ్లు హారన్లు కొడితే ఐలవ్వ గంటె చూపించి కూర్చోబెట్టింది. ఆటో ఆ గంజు మీదుగా ఎగిరిపోయిందనే ఆ ఊళ్లో చాలామంది అంటారు. చూసినవాళ్లు కాదనరు కూడా.

క్లబ్బు దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గేటు లోపలి పక్కన ఫజల్ తల పైకెత్తి నిలబడ్డాడు. బావను చూసి, "ఇప్పుడే లేచింది. అర్షీనే!" అన్నాడు సంబరంగా.

షాహిద్ కంచె పట్టుకున్నాడు. పైన తెల్లటి గ్లైడర్, సడిలేదు చప్పుడులేదు. కుడిరెక్క కిందికి వంగింది, ముక్కు మాత్రం ఎడమకు మళ్లింది. తోక గుంజుకుపోయింది. మొత్తం బండి గాలిలో అడ్డంగా జారింది.

"ఉల్టా!" రెండు చేతులెత్తి అరిచాడు షాహిద్. "ఉల్టా ఉంది బేటా! ఉల్టా తొక్కు!"

చెట్ల మీది కాకులు లేచిపోయాయి. గ్లైడర్ ఒక్క క్షణం ఊగింది. ఆ తర్వాత ముక్కూ రెక్కా ఒక్క దారికి వచ్చాయి. గుండ్రంగా, నెమ్మదిగా మలుపు తిరిగి మైదానం చివర దిగింది. మరి కేకతో దిగకపోతే దేనితో దిగినట్టు?

అర్షీన్ దిగి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. వెనకే మాస్టారు వచ్చాడు.

"ఈ అమ్మాయికి కాళ్లు ఎవరు నేర్పారు?"

"నేనే సార్."

"చేతులు?"

"అవి గూడ నేనే సార్."

"చేతులు బాగున్నాయి. కాళ్లు చూసే నాకు చెమట పట్టింది. మొదటి మలుపులోనే పెడళ్ల మీంచి తీయించేశాను. ఈసారి తీసుకోలేను. కాళ్లు సరిచేసుకుని వచ్చే నెల రమ్మనండి."

అర్షీన్ తల వంచుకుంది. ఏడుపు ఆపుకుంటోందని షాహిద్‌కు తెలుసు. కానీ అతను ఆమె పాదాలనే చూస్తున్నాడు. రెండూ నేల మీద ఉన్నాయి.

విమానాన్ని కేకేసి దింపిన సంగతి సిద్దిపేట చాయ్ హోటళ్లలో ఎన్ని రంగులు తేలిందో చెప్పలేం. అతన్ని అడిగితే మాత్రం, కుడుతున్న సీటు మీంచి తల ఎత్తకుండా ఇంతే అంటాడు:

"నేనేం దింపలే. నేను లొల్లి వెట్టిన, ఆమెకు ఇనవడలే. ఎనుక కూసున్న సారు దింపిండు. నేను ఇంటికొచ్చి రెండు వైర్లు అటిటు మార్చిన."