అక్క కొంగులో కందికాయలు

మా అక్క చచ్చిపోయింది. ఈ మాట ఇలా అంటే మా వైపు ఇప్పటికీ కొందరికి కోపం వస్తుంది. "సమాధి అయింది" అనాలట. మార్కాపురంలో మా స్టీలు సామాన్ల కొట్టుకు వచ్చిన ఒకావిడ, చెంబు బేరమాడుతూ, నేను ఫలానా ఆమె చెల్లెలినని తెలిసి చేతులెత్తి దండం పెట్టింది. చెంబు కొనకుండా దిగిపోయినా నాకంత ఒళ్లు మండేది కాదు. కేసు ఇంకా కోర్టులో నలుగుతూనే ఉంది, దండాలు మాత్రం ఆగలేదు.

గిద్దలూరు దాటాక, నల్లమల అంచున, మా నాయన గొర్రెలు మేపుకునే ఊరి బయట ఒక స్వామి వచ్చి రేకుల షెడ్డు వేశాడు. ఎక్కడివాడో ఎవరూ అడగలేదు. అప్పు ఇచ్చేటప్పుడు ఏడు తరాలు ఆరా తీసే మా జనం, దేవుడి పేరు చెబితే ఊరి పేరు కూడా అడగరు. మొదట తాయెత్తులు కట్టాడు, తర్వాత భజనలు పెట్టాడు. ఆ తర్వాత ఆకలి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మనిషికి ఆఖరి బంధం ఆకలేనట, దాన్ని తెంపుకున్నవాళ్లు నేరుగా దేవుడిలో కలుస్తారట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వాడి బొజ్జ చూస్తే మాత్రం ఆ బంధం తెంపే జోలికి వాడు పోయినట్టు లేదు.

మా బావ లారీ కింద పడి పోయినప్పటి నుంచి అక్క పుట్టింట్లోనే ఉండేది. అమ్మ అంతకుముందే పోయింది. నాయనకు వండిపెట్టేది, గొర్రెలకు నీళ్లు తోడేది. ఊళ్లో పెళ్లి జరిగితే తాను ఎదురు రాకూడదని, పెళ్లివాళ్లు సాగిపోయేదాకా కొట్టంలో కూర్చునేది. ఎవరూ కూర్చోమని చెప్పక్కర్లేదు, అంత బాగా నేర్పారు ఆమెకు. అలాంటి మనిషిని ఆ స్వామి "అమ్మా" అని పిలిచాడు. హారతి పళ్లెం చేతికిచ్చి అందరి ముందు నిలబెట్టాడు. ఇంకేం కావాలి? అక్కను వాడు ఎత్తుకుపోలేదు, మా ఊరే పళ్లెంలో పెట్టి ఇచ్చింది. వాడి మీద నాకెంత కోపమో, ఊరి మీదా అంతే కోపం.

చివరి దీక్ష అని కొంతమందిని షెడ్డులో పెట్టి తలుపులు మూశారని తెలిసి బస్సెక్కి పోయాను. బయట కాపలా ఉన్న భక్తులు నన్ను అడుగు ముందుకు వేయనివ్వలేదు. దీక్షలో ఉన్నవాళ్ల చెవిన రక్తసంబంధీకుల గొంతు పడకూడదట. అక్కా, అక్కా అని గొంతు పోయేలా అరిచాను. లోపల భజన గట్టిగా అందుకున్నారు. స్టేషన్‌కు పోతే, భక్తి విషయంలో మేమేం చేస్తాం, ఇష్టపడే కూర్చున్నారు కదమ్మా అన్నారు. నాయన కూడా అదే మాట అన్నాడు.

తలుపులు తెరిచేసరికి లోపల ఒక్కరూ ప్రాణాలతో లేరు. స్వామి అంతకుముందే జారుకున్నాడు. భక్తులు ఎవరికీ కబురు చేయకుండా షెడ్డు ముందే గుంతలు తీసి, సన్యాసులను పూడ్చినట్టు ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, చుట్టూ ఉప్పూ విభూతీ పోసి పూడ్చేశారు. సమాధి అయినవాళ్లకు చిన్నదినం, పెద్దదినం చేయకూడదన్నారు. నాయన సరేనన్నాడు. నెల తిరక్కముందే జనం ట్రాక్టర్లు కట్టుకుని వచ్చి ఆ గుంతల మీద కొబ్బరికాయలు కొట్టసాగారు. పోతూ పోతూ మా ఇంటికి వచ్చి, అంత గొప్ప బిడ్డను కన్న తండ్రి అని మా నాయన కాళ్లు మొక్కేవాళ్లు. నాయన కాళ్లు వెనక్కి తీసుకునేవాడు కాదు.

స్వామి దొరికాడు. అందరూ ఇష్టపూర్వకంగానే ప్రాణం వదిలారని వాడి వకీలు వాదన. మిగతా ఇళ్లవాళ్లు కూడా అదే చెప్పారు. ఒక్క ఇంటివాళ్లయినా కాదని చెప్పకపోతే వాడు బయటికి వచ్చి మరో ఊళ్లో మరో షెడ్డు వేస్తాడని ఎస్సై నాతో అన్నాడు. నేను చెబుతానంటే, పెళ్లై పోయినదానివి, అక్కతో ఒకే ఇంట్లో ఉన్నది మీ నాయన, ఆయన మాటకే బలం అన్నాడు. నాయన దగ్గరికి పోయి బతిమాలాను, తిట్టాను, అన్నం మానేస్తానని కూడా అనబోయి నోరు కరుచుకున్నాను. ఆయన తలెత్తాడు.

"ఆకలితో చచ్చిపోయిందని నా నోటితో ఎట్ల చెప్పేదమ్మా? ఇంట్లో జొన్నలుండె, పాలుండె. బిడ్డకు ఇంత బువ్వ పెట్టలేకపోయినాడా అనరా నన్ను?"

అప్పుడు జాలిపడాల్సింది. నాకు జాలి రాలేదు. బిడ్డ పోయినా పరువు నిలబడాలన్నమాట అని మొహం మీదే అనేసి వచ్చాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

తహసీల్దారు, డాక్టరు, పోలీసులు వచ్చి గుంతలు తవ్వించిన రోజున ఊరంతా అక్కడే ఉంది. నాయన కూడా కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అక్కను బయటికి తీశారు. కాళ్లు ముడుచుకుని అలాగే ఉంది. మొహం చూడలేక చూపు కిందికి దించుకుంటే కొంగున ముడి కనిపించింది. లేడీ కానిస్టేబుల్ ఆ ముడి విప్పింది. అందులో కందికాయలున్నాయి.

షెడ్డు వెనక కిటికీని ఆనుకుని కంది చేను ఉంది. చువ్వల్లోంచి చెయ్యి పెడితే అందుతుంది. మా వైపు గొర్రెల వెంట పోయే ఆడవాళ్లు దారిలో కందికాయలు కోసుకుని కొంగున కట్టుకుంటారు, ఇంటికి తెచ్చి ఇంత ఉప్పేసి ఉడకబెడతారు. ఉడకబెట్టేదాకా అక్క ఆగలేకపోయింది. కొన్ని కాయలు తొక్కతో సహా నమిలి ఉన్నాయి. పంటి గాట్లు తెలుస్తున్నాయి. మిగిలినవి దాచుకుంది. దాచుకున్న మనిషి చావాలనుకున్న మనిషా?

ప్రసాదం అయ్యుంటుందని ఒక భక్తుడు గొణిగాడు. వాడి మీదికి పోబోతుంటే నాయన నన్ను తప్పించుకుని ముందుకు పోయి, ఆ కాయలను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. తహసీల్దారు వైపు తిరిగి, "రాసుకోండి సార్. నా బిడ్డ ఆకలైతే చెయ్యి చాపింది. ఎవడూ పెట్టలే. నేనూ పోలే," అన్నాడు. అని అక్కడే మట్టిలో కూలబడి, ఊరంతా వినేలా గొంతెత్తి ఏడ్చాడు.

ఆ భక్తుడే మళ్లీ వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "ఏడవొద్దు పెద్దనాయనా. ఏడిస్తే ఆయమ్మ ఆత్మ మళ్లీ ఎనక్కి వస్తది."

నాయన వాడి చెయ్యి విదిలించుకున్నాడు.

"రానీ. నా బిడ్డని ఎనక్కి రానీ. బువ్వ పెడతా."